ముమ్కిన్

నాకొచ్చిన అరబ్బీ అంతా వంటింటిది.
జీబ్ అంటే తే. రూహ్ అంటే పో. యల్లా అంటే తొందరగా.
పదకొండేళ్ళు ఒక కువైటీ ఇంట్లో,
ఆ తర్వాత ఫర్వానియాలో ఈ ఆస్పత్రి నేల తుడుస్తూ నాలుగేళ్ళు.
ఇవాళ డాక్టర్ హనాన్ తలుపు తీసి పిలిచింది,
"సత్యా, ఆ కర్ర పక్కన పెట్టి రా. నీ భాష అమ్మాయి."

పుల్లంపేట పిల్ల. సుగుణ.
విజిట్ వీసా మీద వచ్చి నలభై రోజులు.
ఇంకో యాభై ఉన్నాయని తనే చెప్పింది, అడక్కుండానే,
అప్పు ఒప్పుకున్నట్టు.

నొప్పెక్కడో అడగమంది డాక్టరు.
పిల్ల చున్నీ అంచు వేలికి చుట్టుకుంది.
"ఆడ" అంది.
నిజమే, మన భాషలో దాని పేరు అంతే.
మిగతా పేర్లన్నీ మగాళ్ళు
వీధిలో తిట్టుకోడానికి పట్టుకుపోయారు.
హునాక్ అన్నాను. గోడకేసి చూపించే మాట అది.
డాక్టరు నవ్వలేదు. తలూపింది.

"కత్తితో కోసినట్టు ఉంటాది అక్కా.
కర్టెన్ అవతల ఇంకో సంసారం,
అరిచేదానికి ల్యా. దిండు కరుచుకుంటా.
మాయమ్మకు ఫోన్ జేస్తే, కొత్తలో అంతేలే, ఓర్చుకో అనె."

ఓర్చుకో.
ఓర్చుకుంటే ఓరుగల్లు పట్నమవుద్దని మా అమ్మా అంది.
మలికిపురంలో, పుల్లంపేటలో
పంటి బిగువున ఎన్ని ఓరుగల్లులు లేపామో,
ఒక్కదాంట్లోనూ మనకి ఒత్తిగిలే చోటు లేదు.
ఈ ముక్క డాక్టరుకి చెప్పలేదు. ఇది నాది.

ఆవిడ చేతులు కడుక్కుని,
ఏసీకి చల్లబడ్డ వేళ్ళు రుద్దుకుని,
పిల్ల కంటే కిందగా ఉన్న స్టూలు మీద కూచుని
"ముమ్కిన్?" అంది.

దీన్ని తెలుగు చెయ్యాలి నేను.
బస్సుల్లో, బాకాలాల్లో ఎన్నిసార్లు విన్నానో,
నా వైపు తిరిగి ఎవరూ అనలేదు.
"చెయ్యి పెట్టొచ్చా అమ్మా?
వద్దంటే వద్దంట. మధ్యలో ఆపమన్నా ఆపేస్తదంట."
నా నోట్లోంచి వచ్చిన మాట
నాకే వింతగా వినబడింది.
ముగ్గురు పిల్లల్ని కన్నాను. తెలుగులో కూడా
నన్నెవరూ ఈ మాట అడగలేదు.

సుగుణ చాలాసేపు ఆలోచించింది.
"ఇయ్యాల వద్దు."
డాక్టరు రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుంది.
అంతే.
అంత తేలిగ్గా ఆగుతాయా చేతులు?

తర్వాత కిటికీ చూపించింది.
తోజ్ లేచినప్పుడు రెప్ప దానంతటదే మూసుకుంటుంది కదా,
రెప్పని తిడతావా?
నీ ఒళ్ళూ కాపలా కాస్తోంది.
గాలి తగ్గిందని దానికి నమ్మకం కుదరాలి,
మెల్లిగా, ఊపిరి ఊపిరికీ. నేర్పిస్తాను, బుధవారం రా.
నాటకం కాదు, నీ తప్పు కాదు. దీనికి వైద్యం ఉంది.
అంతా చెప్పాను. తోజ్‌కి మాత్రం తెలుగు అక్కర్లేకపోయింది,
నలభై రోజుల్లో పిల్ల నేర్చేసుకుంది.

వరండాలో ఓబులేసు. నీళ్ళ ట్యాంకరు తోలతాడు.
టోకెన్ కాగితం నలిపి నలిపి గోళీ చేశాడు.
"నేనేమన్నా తప్పు జేస్తినా అక్కా?"
లేదు బాబూ అనబోయి ఆగాను.
"లోపలికి రా. డాక్టరు ఒక మాట నేర్పుద్ది."
"అరబ్బీనా?"
"ఇక్కడ అరబ్బీలో. రూముకెళ్ళాక తెలుగులో అనాలి."

గంట తర్వాత కిటికీలోంచి చూశాను.
బస్టాపు దాకా ఇద్దరి మధ్యా ఓ మనిషి పట్టేంత ఎడం.
అతనేదో అడిగాడు.
ఆమె కాసేపాగి, సంచీ అతని చేతికిచ్చింది.

బకెట్లో నీళ్ళు మార్చి మళ్ళీ మొదలెట్టాను.
బుధవారం ఆ గది తుడిచేటప్పుడు
నా కోసం నేనే అడగాలి డాక్టర్ని,
నలభయ్యారేళ్ళు వచ్చాక కూడా
ముమ్కినేనా అని.